మొదటి పంచె

పంచె కోసం నేను పోట్లాడానని మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ అనుకుంటారు. పంచె ఏ కొట్లో అయినా దొరుకుతుంది. నాకు కావలసింది అది మొదట నా చేతికి రావడం. ఈ తేడా తెలియనివాళ్ళకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు. తెలిసినవాళ్ళ కోసం రాస్తున్నాను.

యాభైల చివర్లో నేను నరసరావుపేటలో ఒక బస్సు కంపెనీ షెడ్డులో మెకానిక్కుగా చేరాను. మా బండ్లు మాచర్లకీ వినుకొండకీ తిరిగేవి. మా నాన్న నూజెండ్ల అవతల ఒక పల్లెలో మిషను బడి పంతులు. నన్నూ పంతుల్ని చేయాలని చూశాడు గాని నాకు ఇంజన్ల మీద పోయింది మనసు. గుంటూరులో ఒక పనిబడిలో ఫిట్టరు పని నేర్చుకుని సర్టిఫికెట్టు తెచ్చుకున్నాను. ఆ షెడ్డులో సర్టిఫికెట్టు ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని నన్ను వెక్కిరింతగా "ఇంజనీరు" అనేవాళ్ళు. మొట్టమొదట అన్నది వినుకొండ బండి నడిపే బట్టతల డ్రైవరు. టీ గ్లాసు చేతిలో పట్టుకుని, నలుగురిలో, నేను బండ్ల కింద పనిచేసే గోతిలో దిగి ఉండగా అన్నాడు.

మా కంపెనీలో ఫలానావాడు ఫలానా పనికి అని కాయితం మీద రాసి ఇచ్చే అలవాటు లేదు. దసరాకి ఆయుధపూజ చేసేవాళ్ళు. బండ్లు కడిగి, అరటి పిలకలు కట్టి, స్పానర్లూ జాకీలూ బల్ల మీద పరిచి బొట్లు పెట్టేవాళ్ళు. గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాక ఓనరు పనివాళ్ళందరికీ బట్టలు పెట్టేవాడు. మొదటి పంచె ఎవరికి ఇస్తే వాళ్ళు ఆ ఏడాది హెడ్ మేస్త్రీ. ఏ బండి గేటు దాటాలో, ఏది దాటకూడదో ఆయన మాట. మిగతావాళ్ళకు వరసలో అందేవి. నేను క్రైస్తవుణ్ణి. పూజ జరుగుతున్నంతసేపూ పక్కన నిలబడి, తరువాత పంచె తీసుకునేవాణ్ణి. దానికి మా పాస్టరు గారూ ఏమీ అనలేదు, ఓనరూ ఏమీ అనలేదు. అది ఉద్యోగం.

అప్పటి ఓనరును మేము పెద్దాయన అనేవాళ్ళం. చదువు లేదు గాని ఇంజను చప్పుడు వింటే దాని ఒంట్లో ఎక్కడ నొప్పో చెప్పేవాడు. చేరిన కొత్తలోనే నేను ఆయన దగ్గరికి పోయి ఒక మాట అడిగాను. బండి చెడేదాకా ఆగకుండా, బాగా నడుస్తున్నప్పుడే వంతులవారీగా ఒక్కో బండిని ఒక్కో రోజు ఆపి విప్పుతానన్నాను. గ్రీజు మార్చి, బోల్టులు బిగించి, గొట్టాలు చూసి మళ్ళీ పంపుతానన్నాను. డ్రైవర్లు గోల పెట్టారు. పెద్దాయన మాత్రం కాసేపు గడ్డం గోక్కుని, "మనకి ఆదివారం ఉంది గదా, బండికి ఎందుకుండకూడదు? కానియ్" అన్నాడు. అప్పట్నుంచి షెడ్డులో దాన్ని బండి సెలవు అనేవాళ్ళు. అది నేను తెచ్చిన పద్ధతి. ఈ సంగతి గుర్తుంచుకోండి.

అప్పటి హెడ్ మేస్త్రీకి చూపు తగ్గింది. ఒక పొద్దున పెద్దాయన షెడ్డుకి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, "వచ్చే దసరాకి మొదటి పంచె నీదేరా అబ్బాయ్" అన్నాడు. పక్కన గుమాస్తా ఉన్నాడు, విన్నాడు. ఆ ఎండాకాలంలోనే పెద్దాయన పోయాడు.

కొడుకు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. చినబాబు అనేవాళ్ళం. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తేలికగా ఉండేది. ఆఖరున ఎవరు మాట్లాడితే వాళ్ళ మాట ఆయన మాట. పొద్దున డ్రైవరు చెప్పింది విని బండ్ల వేళలు మార్చేవాడు, మధ్యాహ్నం కండక్టరు చెప్పింది విని మళ్ళీ మార్చేవాడు. బ్రేకులు అరిగిపోయాయని నేను మొత్తుకుంటుంటే మద్రాసు నుంచి మూడు గొంతుల హారన్లు తెప్పించాడు. హారన్లు బాగానే మోగాయి. వాటిని బిగించింది కూడా నేనే.

ఒకనాడు బట్టతల డ్రైవరు ఆయన చెవిలో ఏదో వేశాడు. మర్నాడు చినబాబు గోతి ఒడ్డున నిలబడి అందరికీ వినపడేట్టు చెప్పాడు.

"ఇక నుంచి నడిచే బండి మీద చెయ్యి పడకూడదు. ఆగిన బండినే చూడండి. బాగున్నదాన్ని ఇప్పుకుని కూర్చుంటే కంపెనీ ఎట్టా నడుస్తది?"

"బాగున్నప్పుడే చూడాలండీ. నాన్నగారు..."

"నాన్నగారి కాలం వేరు ఇంజనీరూ."

ఆయన నన్ను ఇంజనీరు అన్నది అదే మొదలు. డ్రైవర్లు నవ్వారు. బండి సెలవు పోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మాచర్ల నుంచి ఒక మెకానిక్కు వచ్చాడు. నాపరాళ్ళ లారీల మీద పనిచేసినవాడు. సాయిబుల కుటుంబం, వాళ్ళ నాన్నా చేతిపని మనిషే. షెడ్డులో అందరూ భాయ్ అనేవాళ్ళు. నేను ఇందులో మాచర్లాయన అంటాను. నాకన్నా చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. మెడకు తెల్ల రుమాలు కట్టుకునేవాడు. అదే షెడ్డు, అదే గ్రీజు. నేను సాయంత్రానికి బొగ్గుల బస్తాలాగా తేలేవాణ్ణి, ఆయన రుమాలు తెల్లగానే ఉండేది. ఎట్లా ఉండేదో నాకు ఈనాటికీ తెలియదు. నేను టీకి పోతే టీ తాగి వచ్చేవాణ్ణి. ఆయన పోతే డ్రైవర్లు బెంచీ మీద జరిగి చోటిచ్చేవాళ్ళు. ఆయన నవ్వితే మూతి ముడుచుకుని కూర్చున్న గుమాస్తా కూడా నవ్వేవాడు.

బండ్లకు సెలవులు పోయాక అవి దారిలో ఆగడం మొదలుపెట్టాయి. కబురు వచ్చేది. మాచర్లాయన సంచి భుజాన వేసుకుని అటు పోయే బండి ఎక్కి పోయి, దాన్ని లేపి, దాని మీదే ఊరేగుతూ తిరిగొచ్చేవాడు. జనం చూస్తుండగా చేసే పని ఆయనది. గోతిలో, బండి కింద, వెల్లకిలా పడుకుని చేసే పని నాది.

మాచర్ల పోయే బండిలో రేడియేటరు అడుగున చెమ్మ కనపడింది. ఒక పూట ఆపితే చిల్లికి మాటు వేస్తానని చినబాబుకి చెప్పాను. "నడుస్తున్నదా లేదా?" అన్నాడు. నడుస్తున్నదన్నాను. "అయితే నడవనీ" అన్నాడు. ఆ తరువాతి వారం వాళ్ళ మామగారు వచ్చారు. అల్లుడు ఆయనకి కంపెనీ చూపించాలని అదే బండి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. మాచర్లలో ఒక పాత గేరుబాక్సు ఉంది, తేవాలని మా ఇద్దర్నీ కూడా ఎక్కమన్నాడు.

పిడుగురాళ్ళ దాటాక ఇంజను మూత సందుల్లోంచి ఆవిరి లేచింది. డ్రైవరు ఆపాడు. నడినెత్తిన ఎండ. జనమంతా కిందికి దిగారు. చినబాబు మామగారి ఎదుట నన్నే పట్టుకున్నాడు.

"ఏందయ్యా ఇది?"

"అడుగున కారుతున్నదని పోయిన వారమే చెప్పానండీ. ఒక పూట ఆపమన్నాను."

"పోయిన వారం సంగతి ఎవరడిగారు? ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

"దించి మాటు వెయ్యాలండీ. షెడ్డుకి తీసుకుపోవాలి."

"షెడ్డుకి నెత్తిన పెట్టుకుపోతావా?"

మామగారు గొంతు సవరించుకున్నాడు. ఈలోపల మాచర్లాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, మూటలు దగ్గర పెట్టుకుని నీడన కూర్చున్న ఆడవాళ్ళ దగ్గరికి పోయాడు.

"అక్కా, మీ మూటలో పసుపు ఉందా?"

"పసుపెందుకు తమ్ముడూ? బస్సుకి పెళ్ళి చేస్తావా ఏంది?"

"చేస్తానక్కా. ముందు దీనికి జొరం తగ్గనీ."

ఆడవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. ఆవిడ మూట విప్పి దోసెడు పసుపు కాయితంలో పోసి ఇచ్చింది. ఎవరో వాగులోంచి డబ్బాతో నీళ్ళు తెచ్చారు. ఇంజను చల్లారేదాకా మాచర్లాయన జనానికి ఏవో లారీ కబుర్లు చెప్తూ కూర్చున్నాడు. ఆ తరువాత పసుపు నీళ్ళలో కలిపి రేడియేటరులో పోశాడు. పసుపు ఉబ్బి చిల్లిని మూసేసింది. బండి కదిలింది. లోపల చప్పట్లు కొట్టారు.

మామగారు వెనక్కి తిరిగి, "మనిషంటే ఇతను అల్లుడూ. ఇట్టాంటోడు ఒక్కడుంటే చాలు" అన్నాడు. నేను ఆయన వెనక సీట్లోనే ఉన్నాను.

పసుపు సంగతి నాకూ తెలుసు. సన్న గొట్టాలు పూడుకుపోతాయని, అది వాడొద్దని పనిబడిలో చెప్పారు. నేను దారిలో అది ఎందుకు అనలేదంటే, వాడకూడదని తెలిసిన దాన్ని నేను వాడను. అంతే. మర్నాడు ఆ రేడియేటరు దించి, గట్టిపడిన పసుపు ముద్దను కమ్మీతో పొడిచి పొడిచి తీసి, కడిగి, మాటు వేసింది ఎవరు? నేను. ఆ పనికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నా చేతులు పచ్చగా అయి, ఎంత కడిగినా పోలేదు. ఇంటికి పోతే నా భార్య అన్నం వడ్డిస్తూ, "ఏ పేరంటానికి పోయొచ్చావు?" అని నవ్వింది.

ఆవిడ అక్కడితో ఆగినా బాగుండేది. "ఆ బండిలో మన వీధి పిన్ని కూడా ఉందంట. ఆ భాయ్ చేతిలో ఏదో ఉందని చెప్పింది. ఎట్టా చేశాడు నిజంగా?" అని అడిగింది. ఆ పూట సగం అన్నంలోనే లేచాను.

దసరా దగ్గరకొచ్చింది. పెద్దాయన మాట విన్న గుమాస్తాను వెంటబెట్టుకుని చినబాబు గదికి పోయాను. గుమాస్తా గుమ్మం దాకా వచ్చి, "నువ్వు పోయి మాట్లాడు, నేనిక్కడే ఉంటా" అన్నాడు. అక్కడే ఉన్నాడు కూడా, గుమ్మం బయట.

"మొదటి పంచె నాకిస్తానని నాన్నగారు మాట ఇచ్చారండీ" అన్నాను.

చినబాబు పేపరు మడిచి పక్కన పెట్టాడు. "చూడు, నాకు ఎవరి మీదా కోపం లేదు. పని చూస్తా నేను. ఈ ఏడు భాయ్ చానా బండ్లు లేపాడు. నువ్వెన్ని లేపావు?"

"నా చేతికిందున్నప్పుడు బండ్లు పడలేదండీ."

"పడని బండిని లేపానని చెప్పుకుంటావేంది?"

దీనికి జవాబు ఇప్పుడు నా దగ్గర చాలా ఉంది. ఎన్నోసార్లు స్నానం చేస్తూ చెప్పుకున్నాను. అప్పుడు మాత్రం వెనక్కి తిరిగాను. బయటికొస్తే గుమాస్తా, "ఏమన్నాడు?" అని అడిగాడు. అంతా విన్నవాడే.

ఆ దసరాకి మొదటి పంచె మాచర్లాయన చేతికి వెళ్ళింది. రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆయనకి అది ఎవరికి రావలసిందో తెలియదు. తెలియకపోవడం కూడా ఒక అదృష్టమే. నాకు రెండోది ఇచ్చారు. ఇంటికి తెచ్చి పెట్టె అడుగున పెట్టాను. కట్టుకోలేదు. మా పెద్దవాడి పెళ్ళప్పుడు నా భార్య ఆ పంచెను ఎవరికో పెట్టింది.

హెడ్ మేస్త్రీ అయ్యాక మాచర్లాయన నా మీద అధికారం చేసి ఉంటే నాకు కొంత మనశ్శాంతిగా ఉండేది. అదీ చేయలేదు. "అన్నా, ఈ శబ్దం ఏందో నువ్వు చూడు, నాకు అంతు చిక్కట్లా" అని నలుగురిలో అడిగేవాడు. నేను చూసి చెప్పేవాణ్ణి. చూశారా, అడగడానికి కూడా వెనకాడడు అని డ్రైవర్లు ఆయన్నే మెచ్చుకునేవాళ్ళు. పనిలేనప్పుడు గోతి ఒడ్డున కూర్చుని, పెద్దాయన కాలంలో బండి సెలవు ఎట్లా ఉండేదో, ముందు ఏది విప్పేవాళ్ళమో, ఏది ఎప్పుడు చూసేవాళ్ళమో అడిగేవాడు. అడిగిందానికి జవాబు చెప్పకుండా ఉండడం నాకు చేతకాదు. పనిబడిలో నేర్పింది, నేను సొంతంగా పట్టుకున్నది, అంతా చెప్పాను.

ఏడాది తిరక్కుండానే ఆయనకి సాగర్ దగ్గర పని దొరికింది. అక్కడ ఆనకట్ట కడుతున్నారు. రాళ్ళూ సిమెంటూ మోసే లారీలు బాగుచేసే ఒక కాంట్రాక్టరు షెడ్డులో చేరాడు. పోయేటప్పుడు చినబాబుతో, "నా తర్వాత అన్నను పెట్టండి. మీకు దిగులుండదు" అని చెప్పి పోయాడట. చినబాబు నన్ను పిలిచి చెప్పాడు. "భాయ్ మరీ మరీ చెప్పాడు. ఆయన మాట కాదనలేను. ఇక నుంచి నువ్వు చూసుకో."

పెద్దాయన మాట లెక్కలోకి రాలేదు. నా పని లెక్కలోకి రాలేదు. మాచర్లాయన మాట వచ్చింది. ఆ ఉద్యోగం నేను వద్దనలేదు. నాది నాకు వస్తుంటే ఎందుకు వద్దంటాను?

చినబాబుని అడగకుండానే బండి సెలవు మళ్ళీ మొదలుపెట్టాను. బట్టతల డ్రైవరు ఫిర్యాదు చేస్తే, పేటలో సంత లేని రోజు చూసి ఆపుతున్నానని చెప్పి నోరు మూయించాను. రెండు మూడు నెలల్లో బండ్లు దారిలో ఆగడం తగ్గింది, ఎండలు ముదిరేసరికి పూర్తిగా పోయింది. మధ్యలో శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్ళకి జనం కిటికీలకి వేలాడుతూ పోయారు, ఒక్క బండీ మొరాయించలేదు. కబుర్లు రావడం మానేశాయి. షెడ్డు నిశ్శబ్దంగా ఉండేది.

ఒకనాడు చినబాబు వచ్చి అటూ ఇటూ చూశాడు. "ఏందయ్యా, షెడ్డు చచ్చినట్టుంది? భాయ్ ఉన్నప్పుడు ఎప్పుడూ ఏదో ఒక హడావుడి. ఇప్పుడు మీరంతా ఏం చేస్తున్నారో నాకు తెలియట్లా" అన్నాడు. నేను బండి కింద ఉన్నాను. ఆయన చెప్పులు కనిపిస్తున్నాయి. "పనే చేస్తున్నామండీ" అన్నాను. "ఏమో మరి" అని చెప్పులు వెళ్ళిపోయాయి.

అయినా నేను దసరా కోసమే చూశాను. ఈసారి తప్పదు గదా. హెడ్ మేస్త్రీని నేను. ఆ ఉదయం క్రాపు దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ముందు వరసలో నిలబడ్డాను. నా భార్య కూడా వచ్చింది. గుమ్మడికాయ కొట్టారు, బండ్లు నిమ్మకాయలు తొక్కాయి. చినబాబు పళ్ళెంలోంచి మొదటి పంచె తీసి చేతిలో పట్టుకున్నాడు. అప్పుడు గేటు దగ్గర కేకలు వినపడ్డాయి. "భాయ్ వచ్చాడు, భాయ్ వచ్చాడు!"

సెలవు మీద వచ్చాడు. అదే తెల్ల రుమాలు. చేతిలో మిఠాయి పొట్లం. చినబాబు మొహం వెలిగిపోయింది. నన్ను దాటుకుని రెండడుగులు వేసి, "రా రా మేస్త్రీ! సమయానికి వచ్చావు" అని ఆ పంచె ఆయన చేతుల్లో పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా భార్య కొట్టిందో లేదో నేను చూడలేదు. చూడదలచుకోలేదు.

రెండోది నాకిచ్చాడు. బల్ల మీద పెట్టేసి గేటు వైపు నడిచాను. మాచర్లాయన నా వెనకే వచ్చాడు.

"అన్నా, ఆగన్నా. ఇది నీది. తీసుకో."

"ఇవ్వాల్సినోడు ఇవ్వాలి. నువ్విచ్చేదేంది?"

"ఆయన సంగతి నీకు తెలీదా? కళ్ళెదుట ఎవరుంటే వాళ్ళే. నేను రాకుండా ఉండాల్సింది." నన్ను సంతోషపెట్టాలని కాబోలు, ఇట్లా అన్నాడు. "నీకో సంగతి చెప్పాలన్నా. సాగర్ దగ్గర నేను చెడిన లారీల వెంట పరిగెత్తట్లా. నీ బండి సెలవు అక్కడ పెట్టా. లారీలు ఆగడమే మానేశాయి. అక్కడి పెద్ద ఇంజనీర్లు వచ్చి చూసి చానా మెచ్చుకున్నారు. నలుగురిలో శాలువా కప్పారు. నన్ను ఫోర్‌మన్‌ని చేశారు."

ఆయన కళ్ళలో కపటం లేదు. నాకు శుభవార్త తెచ్చినట్టు చెప్పాడు. పసుపుకి చప్పట్లు ఆయనకే, పసుపు అవసరం లేకుండా చేసినందుకు శాలువా కూడా ఆయనకే.

"ఎవరి పద్ధతో చెప్పావా వాళ్ళకి?" అన్నాను.

"చెప్పకుండా ఉంటానా? నరసరావుపేటలో ఒకాయన ఉన్నాడు, ఆయన దగ్గర చూశానని చెప్పా."

"ఒకాయన అన్నావా?"

"అవునన్నా."

ఆయన పంచె నా భుజం మీద వేయబోయాడు. నేను పక్కకి జరిగాను. అది మట్టిలో పడింది. ఆయన వంగి తీసి, దులిపి, మడత పెట్టాడు. నా భార్య వచ్చి, "పండగపూట ఏందయ్యా మీ ఇద్దరూ" అంది. నేను ఇంటికి వచ్చేశాను.

ఆ షెడ్డులో తరువాత కూడా చాలాకాలం పనిచేశాను. మొదటి పంచెలు నాకు కొన్ని వచ్చాయి. తీసుకున్నాను. వాటి గురించి చెప్పడానికేమీ లేదు.

నాకు ఆయన పేరు బాగా గుర్తుంది. వాళ్ళ నాన్న పేరూ, వాళ్ళ వీధి పేరూ గుర్తున్నాయి. మొదటి వాక్యం నుంచి ఇక్కడిదాకా ఎన్నోసార్లు కలం కొసకి వచ్చింది. రాయలేదు. మాచర్ల నుంచి ఒకాయన వచ్చాడు. అంతవరకే రాశాను.